మన బిందెలోని నీటికి సాక్షి ఎవరు?



మత్తయి సువార్త పదియవ అధ్యాయము చివర ప్రభువు ఒక గిన్నె చన్నీళ్లను గూర్చి ప్రస్తావించెను. అంత స్వల్పమైన ఉపకారము కూడ దేవుని లెక్కలో పడునని దాని భావము. ఈ నెల మీతో ఆలోచింపగోరినది ఆ గిన్నెలోని నీటిని గూర్చియే. ప్రేమతో ఇచ్చిన నీరు త్రాగినవానికి ఆ రాత్రియే వాంతులు విరేచనములు పట్టుకొన్నచో, ఇచ్చినవాని సంగతి ఏమి? "నాకు తెలియదు గదా" అని అతడనును. నిజమే, తెలియదు. మన తాతల కాలములో ఆ జవాబు చాలియుండెను. కంటికి కనబడనిది నీటిలో ఏమున్నదో తెలిసికొనుటకు పల్లెటూరివానికి సాధనమేదియు లేదు. నేడు ఆ సాధనము చాల ఊళ్లలో పంచాయతీ బీరువాలోనో సచివాలయపు అలమరలోనో ఒక పెట్టెలో ఉన్నది. తెలియకపోవుట వేరు, తెలిసికొనగలిగియు అడుగకపోవుట వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయవలెను?

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో నీటికి కరవని చెప్పిన మెట్ట ప్రాంతపువాడు నవ్వును. ఎటు చూచినను కాలువ, బోదె, వరిచేను, చేపల చెరువు. కాని ఇక్కడి ఆడవారికి తెలిసిన నీటి కష్టము వేరు. వాననీరు, కాలువనీరు ఇంకి భూమి పై పొరలో కొన్ని అడుగుల మేర తేలియుండును. ఉప్పునీరు బరువు గనుక దాని క్రింద నిలిచియుండును. చేతిపంపు గొట్టము మరి కొంచెము లోతుకు దించినను, మోటారు పెట్టి ఎడతెగక తోడినను, అడుగునున్న ఉప్పు పైకి వచ్చును. నాగాయలంక, కోడూరు వైపు ఒక ఇంటి పంపులో చప్పనీరు, నాలుగిళ్లవతల పంపులో నోట పెట్టలేని నీరు ఉండుట ఎవరికిని వింత కాదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన పడినప్పుడు వేలమంది ఒక్క రోజులో పోయిరి. బ్రదికినవారు మొదట వెదకుకొన్నది త్రాగునీరు. సముద్రము వచ్చిన ఊళ్లలో చెరువులు ఉప్పుతోను కళేబరములతోను నిండియుండెను. ఆ మాట చెప్పు పెద్దలు ఇంకను మన సంఘములలో ఉన్నారు.

అందుచేత మన ఊళ్లు భూమిని నమ్మక కాలువను నమ్ముకొన్నవి. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు కూడ బెజవాడ దగ్గర కలియుచున్నది గనుక, మన బిందెలోని నీరు కృష్ణ ఒక్కదానిదే అని కూడ చెప్పజాలము. కాలువ వచ్చు దారిలో ఎన్ని ఊళ్లున్నవో అన్ని ఊళ్ల బట్టలు, గేదెలు, మురుగు తూములు దానిలో పడును. వేసవిలో కాలువ కట్టివేయుదురు. అంతకుముందే మంచినీళ్ల చెరువు నింపుకొనవలెను. మరల నీరు వదలువరకు ఆ చెరువే ఊరికి ఆధారము. అది అడుగంటుచున్నకొలది నీరు పచ్చబడి వాసన పట్టును. తీరా కాలువ వదిలిన తరువాత వచ్చు మొదటి నీరు, ఎండిన కాలువలో అన్ని వారములు పడియున్న చెత్తను త్రోసికొని వచ్చును. కాబట్టి ఒకే కుళాయినుండి వచ్చు నీరు సంక్రాంతినాడు ఒకటి, మే నెలాఖరున మరియొకటి. సంవత్సరములో ఒక దినమున ఎవరో వచ్చి సీసా నింపుకొనిపోయి పంపిన కాగితము ఆ ఒక్క దినమునకే సాక్ష్యము పలుకును. మిగిలిన దినములకు సాక్షి ఎవరు? ఆ నీరు ప్రతిదినము ముంచుకొనువారు తప్ప మరియొకరు కాజాలరు.

నీటిపరీక్ష అనగా తెల్లకోటు వేసికొన్నవారి పని అని కొందరనుకొందురు. మన తల్లులు తరతరములుగా నీటిని పరీక్షించుచునే యున్నారు. కందిపప్పు ఎంతసేపటికి ఉడుకక పలుకుగానే యున్నచో "ఇది పప్పు ఉడకని నీరు" అని తీర్పు చెప్పుదురు. సబ్బు నురుగు రాదు, తల చిక్కులు పడును, టీలో పాలు విరుగును, గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టును. ఇవన్నియు పరీక్షలే. నీటి కాఠిన్యమును, ఉప్పును ఏ యంత్రమును లేకయే వారు కనిపెట్టిరి. బురదనీటికి కుండలోపల చిల్లగింజ అరగదీసిరి, పటిక త్రిప్పిరి. నీరు తేటపడెను. అయితే తేటపడిన నీరు మంచినీరేనని నమ్ముటలో ప్రమాదమున్నది. పటిక వేసిన నీటిలో మట్టి అడుగునకు దిగును, దానితో కొన్ని క్రిములును దిగును, కాని రోగము పుట్టించుటకు చాలినన్ని పైనను మిగులును. నైట్రేటు ఎక్కువైన నీరు నాలుకకు తెలియదు. పసిపిల్లకు అది హాని. ఫ్లోరైడు తెలియదు. ఫ్లోరైడు వలన ఎముకలు వంగు వ్యాధిని 1937లో వైద్యులు లోకమునకు తెలియజేసినది మన తెలుగు గడ్డనుండియే, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూచి. అక్కడివారు ఎన్ని తరములుగా ఆ నీటిని రుచి చూచి త్రాగిరో! నాలుక వారిని హెచ్చరింపలేదు.

నాలుక ఆగిపోయినచోట పెట్టె మొదలగును. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల్ జీవన్ మిషన్‌ను గూర్చి ఇంటింటికి కుళాయి అను మాటను అందరు వినిరి. అందులోనే మరియొక మాట కలదు, దానిని తక్కువమంది వినిరి. ప్రతి గ్రామములో ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పి, పరీక్షల పెట్టె వారి చేతికియ్యవలెనని దానిలో ఉన్నది. పెట్టెలో చిన్న సీసాలు, చుక్కలమందులు, రంగుల పట్టీ ఉండును. నీటిలో చుక్కలు వేసి, వచ్చిన రంగును పట్టీతో పోల్చి చూచుటయే పని. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల ఉండవలెను, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొందురు. ఉప్పుకు గుర్తైన క్లోరైడు 250 మంచిది, గత్యంతరము లేనిచోట 1000 వరకు. బ్లీచింగు వేసిన నీటిలో కుళాయి చివరకు వచ్చుసరికి కనీసము 0.2 మిల్లీగ్రాము క్లోరిను మిగిలియుండవలెను. పదవ తరగతి చదివిన మన ఆడపిల్లలు ఈ లెక్కలన్నియు ఒక మధ్యాహ్నములో నేర్చుకొనగలరు. చదువురాని అక్కలు కూడ రంగు పోల్చగలరు. చీరలకు జాకెట్టు గుడ్డ పోల్చు కన్నుకు ఇదెంత?

వీటిలో నాకు మిక్కిలి నచ్చినది ఒక చిన్న గాజుసీసా. మలముతో కలుషితమైన నీటిలో ఉండు క్రిములలో అనేకము గంధకపు వాసనగల ఒక వాయువును పుట్టించును. సీసాలోనున్న మందులోని ఇనుము ఆ వాయువు తగిలి నల్లబడును. గీతవరకు నీరు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు దినములుంచవలెను. నల్లబడినచో ఆ నీరు కాచక త్రాగదగినది కాదని అనుమానింపవలెను. గ్వాలియరులోని రక్షణశాఖ పరిశోధనశాలకు చెందిన మాంజా, ఆయనతోడివారు 1982లో ఈ పద్ధతిని ప్రకటించిరి. అంతకుముందు ఇట్టి పరీక్షకు పట్టణపు ప్రయోగశాల, దానికి తగిన ఉపకరణములు, నేర్పరియైన మనిషి కావలసియుండెను. ఈ సీసాకు కావలసినది పొయ్యిగూటి వెచ్చదనము, రెండు దినముల ఓపిక.

దీనికిని హద్దులున్నవి. మలముతో సంబంధము లేని కొన్ని క్రిములు కూడ, ముఖ్యముగా బోరు నీటిలో, సీసాను నల్లబరచగలవు. నల్లబడని సీసా పురుగుమందులను గూర్చి గాని సీసము వంటి లోహములను గూర్చి గాని ఏమియు చెప్పదు. ఆ పరీక్షలకు పెద్ద ప్రయోగశాలయే గతి. కనుక పెట్టె తీర్పరి కాదు. "ఇక్కడ చూడుడి" అని వ్రేలు చూపు సాక్షి.

ఇంతవరకు చదివి, "మాకెందుకయ్యగారూ ఇయ్యన్నీ, ఇంజనీర్లున్నారుగా, జీతాలు తీసుకుంటున్నారుగా" అనువారుందురు. ఈ మాట నేను విన్నదే, మీలో పలువురు అన్నదే. ఇందులో న్యాయము లేకపోలేదు. చెరువు శుభ్రము చేయించుట, ఫిల్టరు బెడ్డులో ఇసుక మార్పించుట, క్లోరిను వేయించుట ప్రభుత్వపు పనులు. పన్నులు కట్టువాడే ఆ పనియు చేసికొనవలెననుట అన్యాయము. పరీక్ష పేరున ఆ బరువును బీద స్త్రీల నెత్తిన పెట్టి అధికారులు చేతులు దులుపుకొన్నచో నేను దానికి ఒప్పుకొనను. ఐదుగురు స్త్రీలకు నేర్పుదురు, వారి దినకూలి మాట ఎత్తరు; ఇది కూడ అడుగవలసిన సంగతియే. అయితే చూచుట ఒక పని, బాగుచేయుట ఒక పని.

లేవీయకాండము పదునాలుగవ అధ్యాయములో ఇంటిగోడకు పట్టిన పొడను గూర్చిన విధి యున్నది. చాలమంది ఆ అధ్యాయమును త్వరత్వరగా దాటిపోవుదురు. అక్కడ యాజకుడు తనంతట తాను ఇల్లిల్లు తిరిగి వెదకడు. ఆ ఇంటివాడే వెళ్లి, నా ఇంట పొడవంటిదేదో కనబడుచున్నదని చెప్పవలెను. ఇది పొడయే అని అతడు తీర్పు తీర్చరాదు, కనబడినదానిని మాత్రమే చెప్పవలెను. తరువాత యాజకుడు వచ్చి చూచి, ఏడు దినములు ఇల్లు మూయించి, మరల చూచును. ఒకసారి చూచి తేల్చడు. రోజూ ఆ గోడ ప్రక్కన పండుకొనువానికి మొదట కనబడును. తీర్పు తీర్చు అధికారము గలవాడు తరువాత పరీక్షించును. మొదటివాడు నోరు మెదపకున్నచో రెండవవాని విద్య నిష్ప్రయోజనము. మన ఊరి కుళాయికిని ప్రయోగశాలకును మధ్య ఉండవలసిన సంబంధము ఇంతకంటె చక్కగా ఎక్కడను చెప్పబడినట్లు నాకు తోచదు.

లండను నగరములో 1854లో కలరా వచ్చినప్పుడు జరిగినది కూడ ఇట్టిదే. బ్రాడ్ వీధి చుట్టుప్రక్కల కొద్ది దినములలోనే 600 మందికి పైగా చనిపోయిరి. ఆ వీధి చేతిపంపు నీటివలననే రోగము వచ్చినదని వైద్యుడు జాన్ స్నో చెప్పెను. ఆ పేట గుడిలో సహాయకుడుగా నున్న హెన్రీ వైట్‌హెడ్ అను యౌవన పాదిరి ఆ మాట నమ్మలేదు. అది తప్పని చూపవలెననియే ఇంటింటికి బయలుదేరెను. ఆయనకు ప్రతి ఇల్లు తెలియును, ఎవరింట ఎవరు ఏ దినమున మంచము పట్టిరో అడిగిన చెప్పుదురు. ఒకే ఇంటికి పలుమార్లు వెళ్లి, ఎవరు ఆ పంపు నీరు త్రాగిరి, ఎవరు త్రాగలేదు అని అడిగి వ్రాసికొనెను. వ్రాసినకొలది తన అభిప్రాయమే తప్పని ఆయనకు తేలెను. చివరకు ఆ పంపు ఎదుటి ఇంటిలో అందరికంటె ముందు జబ్బుపడిన ఒక పసిబిడ్డను గూర్చియు, ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని బావి ప్రక్కనున్న మురుగు గుంటలో పోయుటను గూర్చియు కనిపెట్టినది వైద్యుడు కాదు, ఆ పాదిరియే. సంఘకాపరి వృత్తిలోనున్న నాకు ఆయన చరిత్ర చదివినప్పుడెల్ల ఒక సంగతి తట్టును. ఆయన వద్ద ఏ పరికరమును లేదు. జనులు ఆయనకు తలుపు తీసిరి, అంతే. మన బైబిలు స్త్రీలకు, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ అమ్మలకు మన ఊళ్లలో అట్టి తలుపులు తీసియేయున్నవి.

మనకు దగ్గరి సంగతి ఏలూరు. 2020 డిసెంబరు మొదటివారములో అక్కడ ఉన్నట్టుండి జనులు మూర్ఛలతో పడిపోయిరి. 600 మందికి పైగా ఆసుపత్రి పాలైరి. దేశములోని పెద్ద పెద్ద సంస్థలు వచ్చినవి. ఎయిమ్స్ పరీక్షలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవి. పురుగుమందుల అవశేషములే ముఖ్య కారణమై యుండవచ్చునని తరువాత నిపుణులు ప్రభుత్వమునకు నివేదించిరి. అప్పుడు నీటిని, పాలను, కూరలను పరీక్షించిరి. చుక్కలమందుల పెట్టె అట్టి విషములను పట్టజాలదని పైననే వ్రాసితిని. కాని రోగము వచ్చిన తరువాత తీసిన నీటిని రోగము రాకముందటి నీటితో పోల్చవలెనన్నచో, మొదటిదానిని ఎవరైనను ముందే చూచి వ్రాసియుండవలెను గదా. మన ఊళ్లలో ఎన్నింట అట్టి పుస్తకమున్నది?

పరీక్ష యని పిలువబడు ప్రతిదియు పరీక్ష కాదని కూడ ఇక్కడ చెప్పవలెను. ఇంటింటికి వచ్చి నీటి యంత్రములు అమ్మువారు ఒక వింత చూపుదురు. రెండు గ్లాసులలో ఇనుప పుల్లలు దించి కరెంటు ఇత్తురు. మన కుళాయి నీరు ఎర్రగా, బురదగా మారును. వారి యంత్రపు నీరు అట్లే యుండును. చూచిన ఇల్లాలు, "అమ్మో, ఇన్నాళ్లు ఈ విషమా తాగింది" అని గుండె బాదుకొనును. ఆ ఎరుపు నీటిలోనిది కాదు, కరగిన ఆ పుల్లల ఇనుము! లవణములున్న నీటిలో కరెంటు పారును గనుక పుల్ల కరగును. లవణములు తీసివేసిన నీటిలో పారదు. కలమువంటి టీడీఎస్ మీటరు అబద్ధమాడదు గాని, అది చెప్పునది కరగిన లవణముల మొత్తము మాత్రమే. 500 లోపల మంచిదందురు. క్రిములను అది చూడనే చూడదు. మీటరుపై 50 చూపిన డబ్బా నీరు, డబ్బా సరిగా కడుగనిచో గాజుసీసాను నల్లబరచవచ్చును. మన పెండ్లి విందులలో, సంస్మరణ కూటములలో తెప్పించు ఇరవై లీటర్ల డబ్బాలను ఎన్నడైనను ఎవరైనను పరీక్షించిరా? సామెతల గ్రంథము దొంగ త్రాసును అంత గట్టిగా ఖండించుట ఊరకనే కాదు. కొలత ఎవని చేతిలో నున్నదో, వానికి దానివలన ఏమి లాభమో చూడవలెను.

లాభము అమ్మువానికి మాత్రమే కాదు, పదవిలోనున్నవానికిని ఉండవచ్చును. అమెరికా దేశములో ఫ్లింట్ అను పట్టణమున 2014 ఏప్రిలులో ఖర్చు తగ్గించుటకై నీటిని ఒక నదికి మార్చిరి. నీరు రంగు మారినది, వాసన వచ్చినది, పిల్లలకు దద్దురులు లేచినవి. అధికారులు కాగితములు చూపి, నీరు క్షేమమనిరి. 2015లో అక్కడి గృహిణులు, సామాన్యజనులు ఒక విశ్వవిద్యాలయపు ఆచార్యుని సహాయముతో సుమారు 300 ఇండ్లకు సీసాలు పంచిరి. ఎట్లు పట్టవలెనో నేర్పిరి. 250కి పైగా నింపి తిరిగి తెచ్చిరి. సీసము ఎక్కువగా నున్నదని తేలెను. ఆ సంవత్సరము అక్టోబరులో పట్టణము పాత నీటికి మరలెను. అక్కడ జనుల ఫిర్యాదుకు లేని బరువు, ఒకే పద్ధతిగా నింపి చీటీ అంటించిన సీసాలకు వచ్చినది.

అయితే మన దేశములో ఈ మాట ఇంత సులువుగా ముగియదు. నీరు చెడినదని చెప్పు అధికారము ఎవరికున్నదను ప్రశ్నకు మన పల్లెలలో రక్తపు మరకయున్నది. 1985 జూలైలో కారంచేడులో, మాదిగపల్లెవారు త్రాగు చెరువు దగ్గర ఒకడు గేదెల కుడితి బకెట్లు కడుగగా ఆ మురికి చెరువులోనికి పోవుచుండెను. ఇదేమని ఒక పిల్లవాడు అడిగెను. వానిని కొట్టిరి. నీళ్లకు వచ్చిన ఒక స్త్రీ తన బిందె ఎత్తి అడ్డుపడెను. మరునాడు, 17వ తేదీన, ఆ పల్లెపై దాడి జరిగి ఆరుగురు చంపబడిరి. అది కంటికి కనబడు మురికి. దానిని చూచుటకు ఏ పెట్టెయు అక్కరలేదు. ఆ బాలునికి సత్యము తెలియును, చెప్పను కూడ చెప్పెను. అతని నోట ఆ మాట వినుటకు ఊరు సిద్ధముగా లేదు. పరీక్షల సీసా ఆ దినమున ఉండియున్నచో ప్రాణములు నిలిచియుండునని నేననను, అట్లనుట చనిపోయినవారిని చిన్నబుచ్చుటయగును. కాని ఇది మాత్రము అందును: ఊరంతటికిని ఒకే పుస్తకము, అన్ని పేటల కుళాయిలు అందులో వరుసగా, పరీక్షించిన ఐదుగురిలో పల్లెవారును ఊరివారును ఉండి, అందరు చేవ్రాలు చేసినచో, చెడునీటి మాట ఏ ఒక్క పిల్లవాని నెత్తినను పడదు. ఆ ఐదుగురిని ఎన్నుకొనునప్పుడు మన పల్లెల స్త్రీలు వెనుకకు తగ్గరాదని నేను గట్టిగా కోరుచున్నాను. సాధారణముగా కుళాయి గొట్టము చివరన ఉండునది మన పేటయే. క్లోరిను ముందుగా తరిగిపోవునదియు అక్కడనే.

ఇంకొక కష్టమున్నది, ఇది మన లోపలిది. సీసా ఇతరుల నీటిలోనే నల్లబడునని నియమము లేదు. గుడి ఆవరణములోని బోరు నీటిలో నల్లబడవచ్చును. మన ఇంటి మరుగుదొడ్డి గుంటకును ప్రక్కింటి చేతిపంపుకును కనీసము పది పదిహేను మీటర్లు ఎడముండవలెనందురు. రెండు సెంట్ల స్థలములలో అంత ఎడము ఎక్కడిది? అందునా మనకు భూమిలో నీటిమట్టము పైననే యుండును గనుక వానకాలములో ఆ గుంట నీటిలోనే కూర్చుండును. చేపల చెరువుల సంగతి చెప్పనక్కరలేదు. వరికంటె కౌలు ఎక్కువ వచ్చునని మనవారును పొలములిచ్చిరి, అక్కడ కూలికిని పోవుచున్నారు. చెరువు ఎండగట్టునప్పుడు ఆ నీరు మురుగు కాలువకు పోవుచున్నదో పంటకాలువకు పోవుచున్నదో చూడనట్లు నటించుట మనకు అలవాటైనది. యెహెజ్కేలు ముప్పది నాలుగవ అధ్యాయములో బలిసిన గొఱ్ఱెలు తాము తేట నీరు త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలచి బలహీనమైన వాటికి విడిచిపెట్టుటను గూర్చి ప్రవక్త అడుగును. ఆ బలిసిన గొఱ్ఱె ఎల్లప్పుడు పెద్ద రైతే అనుకొనుట మనకు హాయిగా నుండును. చందా ఎక్కువగా ఇచ్చు పెద్దమనిషి చెరువు దగ్గర నీరు పట్టి సీసాలో పోయుటకు ఎంతమంది సంఘకాపరులు సిద్ధపడుదురు? నేను సిద్ధపడవలెనని వ్రాయుచున్నాను గాని, అది తేలికయని వ్రాయుట లేదు.

అదే సమయమున సాక్షికి హద్దు కలదు. నల్లబడిన సీసా నీరు చెడినదని అనుమానము చెప్పును. ఎవరు చెరచిరో చెప్పదు. సీసా పట్టుకొని వీధిలో ఒకరి పేరు కేకవేయుట సాక్ష్యము కాదు, కొండెము. ధర్మశాస్త్రము ఇద్దరు ముగ్గురు సాక్షులను కోరినట్లే, ఇక్కడను మరుసటి వారము మరల పట్టి చూచి, రెండవసారి నల్లబడినచో గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపవలెను. మంచిగానున్న ఫలితములను కూడ వ్రాయవలెను. చెడ్డవి మాత్రమే వ్రాసిన పుస్తకమును అధికారి నమ్మడు, నమ్మకపోవుట అతని తప్పును కాదు.

ఇదంతయు ఒక సాయంకాలము స్త్రీల కూటములో చెప్పగా, వెనుక కూర్చున్న ఒక అమ్మ అడిగిన మాటకు నా యొద్ద పూర్తి జవాబు లేదు. "నల్లబడిందనుకోండి అయ్యగారూ, మరి ఏం తాగమంటారు? డబ్బా కొనే స్తోమతుంటే ఈ పంపు నీళ్లు ఎవరు తాగుతారు?" తెలిసికొనుట మంచిదని చెప్పుట సుఖముగా నున్నవారికి తేలిక. వేరే నీరు లేనిదానికి, నీ నీరు చెడ్డదని చెప్పి పంపుట ఆమె అన్నములో భయము కలిపి పంపుటయే గదా. ఆమెతో అన్నదియే ఇక్కడను వ్రాయుచున్నాను. క్రిములున్న నీరైనచో బాగుగా తెర్లునట్లు ఒక నిమిషము కాచి, మూతపెట్టి చల్లార్చిన చాలును. ఉప్పో నైట్రేటో ఐనచో కాచుటవలన ప్రయోజనము లేదు, నీరు ఆవిరియై అవి ఇంకను చిక్కబడును. అట్టి పంపును పసిపిల్లల పాలకు వాడక వేరే కుళాయి చూడవలెను. అందుకే ఏది ఉన్నదో తెలియవలెను. ఆమె వెంటనే, "గ్యాసు ఎవరిస్తారయ్యగారూ?" అనెను. అందరు నవ్విరి, ఆమె నవ్వలేదు.

గ్యాసు నేనియ్యలేను. కాని ఆ కూటములోనే నలుగురు స్త్రీలు ముందుకు వచ్చిరి, ఐదవది ఈమెయే. పంచాయతీవారి నడిగి పెట్టె తీయించిరి. కొన్ని చుక్కలమందుల గడువు తీరిపోయినందున క్రొత్తవాటికి అర్జీ వ్రాసిరి. గాజుసీసాలు మాత్రము పనికివచ్చినవి. పల్లెలో రెండు కుళాయిలు, ఊరిలో రెండు, బడి పంపు, గుడి బోరు, ఒక డబ్బా, మొత్తము ఏడు. ప్రతి నెల మొదటి శనివారము తెల్లవారి మొదటి బిందెలు నిండిన తరువాత పట్టవలెనని నియమించుకొనిరి. కాలువ కట్టివేసిన దినములలోను, మరల నీరు వదిలిన మొదటి పది దినములలోను వారమునకొకసారి. పుస్తకము బడిలో నుండును, ఎవరైనను వచ్చి చూడవచ్చును. మొదటి నెల ఏడింటిలో రెండు నల్లబడినవి. వాటిలో ఒకటి గుడి బోరు. ఆ ఆదివారము ఆరాధనకు ముందే బోరు పంపుకు గోనెపట్టా కట్టి, ప్రక్కన కాచిన నీటి కుండ పెట్టించితిమి. రెండవది ఊరిలోని కుళాయి. దానిని మరల పట్టుటకు వచ్చు శనివారము ఆ వీధివారిలో ఇద్దరు మన స్త్రీలతోకూడ వత్తుమని మాట ఇచ్చియున్నారు.